అరుగుదల లేని లారీ

చోడవరంలో ఇకమీదట ఏ బండీ చావదు.

ఈ మాట చెప్పింది బ్రహ్మదేవుడు కాదు, మంత్రిగారు. మార్కెట్ యార్డులో, మిట్టమధ్యాహ్నం ఎండలో, తాను షామియానా కింద నిలబడి, జనాన్ని ఎండలో కూర్చోబెట్టి చెప్పారు. దాని పేరు వాహన దీర్ఘాయుష్మాన్ పథకం. ప్రభుత్వం ఇక కొత్త బళ్ళు కొనదు. ఉన్నవాటికే ఆయుష్షు పోస్తుంది. లారీ ముసలిదైపోతోందంటే తప్పు లారీది కాదు, గత ప్రభుత్వానిది.

"మన అమ్మమ్మలు తొంభై ఏళ్ళు బతకలేదా? వాళ్ళకి స్పేర్ పార్టులు ఎవరిచ్చారు?" అని మంత్రిగారు గర్జించారు.

జనం దగ్గర జవాబు లేదు. చప్పట్లు ఉన్నాయి. కొట్టారు.

అందరికంటే ముందు కొట్టినవాడు హరిబాబు. అతను బొప్పాయి రంగు పార్టీకి మండల కన్వీనరు. మంత్రిగారు మాట పూర్తి చేయకముందే అది గొప్ప మాటని గ్రహించి చప్పట్లు మొదలెట్టగల శక్తి జిల్లా మొత్తంలో అతనొక్కడికే ఉంది. ఆ శక్తికి ఇంతవరకు పదవి రాలేదు. మార్కెట్ యార్డు పదవి మంత్రిగారి తోడల్లుడికి పోయింది. గుడి కమిటీ పదవి పీఏ గారి బావమరిదికి పోయింది. హరిబాబు నిరాశపడే రకం కాదు. విజిటింగ్ కార్డులు అచ్చు వేయించేశాడు. పేరుంది, ఫోన్ నంబరుంది, పదవి ఉండాల్సిన చోట కొంచెం ఖాళీ ఉంది.

ఆ ఖాళీలోకే మంత్రిగారి తరవాతి మాట వచ్చి పడింది.

"పథకాన్ని ఇక్కడే ప్రారంభిస్తాం. బాగా అరిగిన, బాగా తిరిగిన లారీ ఒకటి వెతికి, ముస్తాబు చేసి నాకు చూపించండి. చూపించినవాడే దీర్ఘాయుష్షు సంస్థకి డైరెక్టరు."

మంత్రిగారి చుట్టాల్లో లారీల గురించి తెలిసినవాడు ఒక్కడూ లేడు. హరిబాబుకూ తెలియదు. కాబట్టి మొదటిసారిగా పోటీ సమానంగా ఉంది.

లారీని వెతకడానికి పెద్దగా కష్టపడలేదు. చోడవరంలో పిల్లాడిని అడిగినా చెబుతాడు, బాగా తిరిగిందంటే మండలం లారీయే. ఎండాకాలంలో దాని మీద ట్యాంకు పెట్టి నీళ్ళు తోలతారు. తుఫాను వస్తే బియ్యం తోలతారు. మంత్రిగారు వస్తే జనాన్ని తోలతారు. చెరకు సీజన్లో చీడికాడ వైపు పొలాల నుంచి గోవాడ చక్కెర ఫ్యాక్టరీ కాటాకి చెరకు తోలతారు, ఎందుకంటే ఆ ఇరుకు గోర్జిల్లోకి ఇంకెవరి లారీ రాదు. దాన్ని నడిపేది పరదేశి. లారీకి, పరదేశికి ఎవరు పెద్దో ఇద్దరికీ గుర్తులేదు.

"ఇది ఎన్ని కిలోమీటర్లు తిరిగింది పరదేశీ?" అని హరిబాబు అడిగాడు.

"మీటరు అన్నీ తొమ్మిదులైపోయి, మల్లీ సున్నా కాడికొచ్చి, సిగ్గేసి ఆగిపోనాదండి బాబూ."

"అంటే?"

"అంటే సానా తిరిగినాదని."

"శభాష్! మరి ఇన్నాళ్ళు ఎలా నడిచింది? మెయింటెనెన్స్ ఏం చేశావు?"

"ఏటుందండి! టయానికి ఆయిలు మారుస్తాను. గ్రీజు ఎడతాను. కమాను కట్టలు సూసుకుంటాను. కొండ దిగినప్పుడు గేరులో దింపుతాను, బ్రేకు మీద కూకోను."

హరిబాబు పెదవి విరిచాడు. "అది కాదయ్యా. పేపర్లో రాయడానికి పనికొచ్చేది ఏదైనా చేశావా?"

పరదేశి చాలాసేపు ఆలోచించి, ఏదీ చేయలేదని ఒప్పుకున్నాడు.

లారీ ఆ రోజే మాడుగుల రోడ్డులో బాలు అనే పెయింటరు షెడ్డుకు చేరింది. ఆ మర్నాడే హరిబాబు తల్లి అచ్చియ్యమ్మ కూడా చేరింది. ఆవిడ ఊళ్ళోనే ఉంటుంది, చెరకు పండిస్తుంది. కొడుకు చోడవరంలో ఉంటాడు, రాజకీయం పండిస్తాడు. ఏడాదికోసారి పంట చేతికొచ్చేది మాత్రం ఆవిడకే.

"ఒరే బాబూ, నా తోటకి ఫేక్టరీ నుంచి కటింగ్ ఆర్డరొచ్చినాది. మనుసులు కత్తులట్టుకుని దిగిపోనారు. లారీ ఏదిరా?"

"అమ్మా, లారీ ఇప్పుడు మామూలు లారీ కాదు. పథకం."

"పథకమైతే పన్లోకి రాదేట్రా? కొట్టిన సెరుకు ఎండిపోతే కాటా మీద కట్టెపుల్లల్లాగ తూగుతాది. ఏడాది కష్టం. నెత్తిమీదెట్టుకుని మొయ్యాలా నాను?"

"నీ లారీ ఉంది కదా?"

ఉంది. అచ్చియ్యమ్మకీ ఒక లారీ ఉంది, మండలం లారీ కంపెనీదే. దాని ఇంజను పట్టేసి చాలాకాలమైంది. గడ్డివాము పక్కన నిలబెడితే కోళ్ళు లోపల గుడ్లు పెట్టుకుంటున్నాయి.

"అది కోళ్ళ లారీ అయిపోనాది కదరా! నాలుగు రోజులు నీ పథకాన్నొగ్గు. సెరుకు తోలీసి ఇచ్చేస్తాం."

"అమ్మా! ఇది రాష్ట్రానికి సంబంధించిన విషయం."

"రాష్ట్రం టీలో పంచదార ఏసుకోదేట్రా?"

హరిబాబు దగ్గర జవాబు లేదు. చప్పట్లు కూడా లేవు. తల్లి మాటకి చప్పట్లు కొట్టే అలవాటు అతనికి లేదు. కొంచెం ఇబ్బందిపడి, లోపలికెళ్ళి ఫోన్ మాట్లాడుతున్నట్టు నిలబడ్డాడు.

అచ్చియ్యమ్మకి ఉన్న ఆఖరి ఆశ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే ఆఫీసరు. ఆయన పేరు రామచంద్రమూర్తి, విశాఖపట్నం నుంచి వచ్చారు. వాహనాల మన్నిక మీద ఆయన ఇచ్చినన్ని పవర్‌పాయింట్ ప్రెజెంటేషన్లు ఈ రాష్ట్రంలో ఇంకెవరూ ఇవ్వలేదు. ఆయన లారీ చుట్టూ ప్రదక్షిణం చేశారు. టైరు మీద వేలుపెట్టి, ఆ వేలిని రుమాలుతో తుడుచుకున్నారు.

"ఈ టైరు ఎందుకరిగింది?" అని పరదేశిని అడిగారు.

"నడిస్తేనండి."

"క్లచ్ ప్లేటు?"

"అదీ నడిస్తేనండి."

"ఇంజను?"

"నడిస్తేనే కదండి బాబూ అరిగేది."

రామచంద్రమూర్తి గారు హరిబాబు వైపు తిరిగి, విజయగర్వంతో కళ్ళజోడు సర్దుకున్నారు. "చూశారా? రోగాలు వేరు, మూలం ఒక్కటే. నడవడం. ప్రారంభోత్సవం దాకా ఈ బండి అంగుళం కదలకూడదు. ఇంత తిరిగిన వాహనానికి కావలసింది విశ్రాంతి."

"మరి నా సెరుకో?" అంది అచ్చియ్యమ్మ.

"చెరకు కూడా విశ్రాంతి తీసుకుంటుందమ్మా," అన్నారు ఆఫీసరు ఎంతో దయగా.

ఇక లారీకి రంగు వేయడమే మిగిలింది. అక్కడ ఒక చిన్న చిక్కు వచ్చింది. ఈ లారీకి ప్రభుత్వం మారినప్పుడల్లా రంగు మారింది. ప్రస్తుతం ఒంటి నిండా ఉన్నది వంకాయ రంగు. అది ఓడిపోయిన పార్టీది.

"పైన బొప్పాయి రంగు కొట్టేస్తే సరిపోతాది కదన్నా?" అన్నాడు బాలు.

హరిబాబు మండిపడ్డాడు. "మన రంగు కింద వాళ్ళ రంగు ఉంటుందా? రేపు ఎక్కడో గీరుకుంటే వంకాయ బయటికి వస్తుంది. పార్టీ పరువేం కాను? గీకెయ్. ఆనవాలు లేకుండా గీకెయ్."

బాలు ఉప్పుకాగితం అందుకుని డోరు మీద మొదలెట్టాడు. మధ్యాహ్నానికి వంకాయ పొర ఊడింది. దాని కింద ఇంకో పొర వంకాయ ఉంది, ఆ పొర మీద ఒక బొమ్మ ఉంది. మెడలో వంకాయ రంగు కండువా, రెండు చేతులూ జోడించి, చిరునవ్వు. ఎవరో కాదు, మన మంత్రిగారే.

మంత్రిగారు అంతకుముందు ఆ పార్టీలో ఉన్న మాట అందరికీ తెలుసు. తెలియడం వేరు, డోరు మీద కనిపించడం వేరు.

"గీకెయ్, గీకెయ్!"

గీకాడు. కింద జామాకు రంగు వచ్చింది. అది అంతకుముందు పార్టీది, ఇప్పుడు లేదు. ఆ రంగు కండువా కప్పుకుని మళ్ళీ మంత్రిగారు. ఈసారి జుట్టు నల్లగా ఉంది.

"ఇంకా గీకు!"

ఇంకా గీకాడు. సున్నం రంగు వచ్చింది. అందులో ఆయనకి మీసాలున్నాయి, పొట్ట లేదు.

"అన్నా," అన్నాడు బాలు, ఉప్పుకాగితం పక్కన పెట్టి. "గీకిన కొద్దీ కుర్రోడైపోతన్నాడు. ఇంకా గీకితే నిక్కరేసుకుని వస్తాడేటో."

హరిబాబు మంత్రిగారి పీఏకి ఫోన్ చేశాడు. పీఏ ఫణిశ్రీనివాస్ అన్ని పార్టీల్లోనూ మంత్రిగారి వెంటే ఉన్నవాడు. అంతా విని ఏమాత్రం కంగారుపడలేదు.

"ఏ పొరలో బాగున్నారు సార్?"

"మీసాల పొరలో అండీ. మెరిసిపోతున్నారు."

"అయితే అదే ఉంచండి. కండువా రంగొక్కటి మార్చండి చాలు. మేమెప్పుడూ అలాగే చేస్తాం."

పాలనానుభవం అంటే అది. హరిబాబు ఫోన్‌కే దణ్ణం పెట్టాడు.

రంగుల పని సాగుతోంది. ఊళ్ళో కొట్టిన చెరకు తోటలో పడి ఉంది. అచ్చియ్యమ్మ రోజూ ఒకసారి షెడ్డుకి వస్తోంది. మొదట్లో తిట్టడానికి వచ్చేది. తరవాత, ఏమైందో గానీ, ఆవిడ నోరు మెత్తబడింది. బాలుకీ, అతని మనుషులకీ కారేజీలో భోజనం తెచ్చి, రంగు వాసన తగలకుండా దూరంగా చెట్టు కింద కూర్చోబెట్టి వడ్డించింది. లారీని తడిమి చూసి, "సానా బాగున్నాది. రంగు దట్టంగా కొట్టండి బాబూ," అని దీవించింది. తల్లికి ఇన్నాళ్ళకి రాజకీయం అర్థమైందని హరిబాబు పొంగిపోయాడు.

పరదేశి కూడా వినయంగా వచ్చాడు. "బండి కదపొద్దన్నారు కదండి. కాలీగా కూకుని నానేటి సేస్తాను? ఇంజనిప్పి తుడుసుకోమంటారేటండి?"

"విప్పుకో, తుడుచుకో, ఏమైనా చేసుకో. అది పేపర్లో రాదు. రంగు మీద మాత్రం చెయ్యి పడకూడదు."

"రంగు ముట్టుకోనండి బాబూ," అని పరదేశి ఒట్టేసి చెప్పాడు. మాట తప్పే మనిషి కాదు.

ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. మాడుగుల రోడ్డు మీద స్టేజీ కట్టారు. మంత్రిగారి కోసం మాడుగుల హల్వా డబ్బాలు వచ్చాయి. షెడ్డులో లారీ పెళ్ళికూతురిలా ఉంది. ఒళ్ళంతా బొప్పాయి రంగు, డోరు మీద మీసాల మంత్రిగారు, బంపరుకి నిమ్మకాయలు, మిరపకాయలు. హరిబాబు స్వయంగా ఎక్కి తాళం తిప్పాడు.

చప్పుడు లేదు.

మళ్ళీ తిప్పాడు. బయట కాకి అరిచింది. లారీ అరవలేదు.

"బ్యాటరీ దిగిపోనాదేమో," అంటూ బాలు బానెట్ ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. హరిబాబు దిగి వచ్చి తొంగిచూశాడు. లోపల నేల కనిపించింది. నేల మీద బాలు పారేసిన బీడీ ముక్కలు కూడా విడివిడిగా, స్పష్టంగా కనిపించాయి.

హరిబాబు మోటార్ సైకిల్ మీద ఊరికి ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు. గడ్డివాము పక్కన కోళ్ళ లారీ లేదు. తోట దగ్గర ఉంది. రంగు వెలిసిపోయి, డోరు తాడుతో కట్టి, నెత్తిన కొండంత చెరకు పెట్టుకుని, గుడుగుడుగుడుమని గుక్క తిప్పుకోకుండా కూస్తోంది. స్టీరింగ్ దగ్గర పరదేశి. పక్క సీట్లో అచ్చియ్యమ్మ. ఇద్దరు బుద్ధిమంతులు.

"అమ్మా! ఇంజనెత్తుకొచ్చేశావా?"

"ఎత్తుకురావడమేట్రా? నివ్వే కదా ఏమైనా సేసుకోమన్నావు, పరదేశితోటి. నీకు లారీ రంగు కావాల. నాకు లారీ కడుపు కావాల. సెరొకటీ అట్టుకున్నాం. తల్లీకొడుకుల కాడ తగువేట్రా?"

"మంత్రిగారు బయలుదేరిపోయారమ్మా! ఇప్పుడే విప్పి పెట్టించెయ్. నా డైరెక్టర్ పోస్టు పోతుంది!"

"ఇప్పడం కుదరదండి బాబూ," అన్నాడు పరదేశి కిందికి వంగి. "కాటా కాడ టోకెనొచ్చేసినాది. ఇయ్యాల ఎల్లకపోతే మల్లీ వారం దాకా పిలవరు."

"మరి నేనేం చెయ్యనురా దేవుడా!" అని హరిబాబు గట్టు మీద కూలబడ్డాడు. అచ్చియ్యమ్మకి జాలేసింది. ఎంత పనికిమాలినా కన్నకొడుకు. పరదేశి వైపు చూసింది.

పరదేశి చెవి గోక్కున్నాడు. "మాడుగుల రోడ్డు కాడ మిట్ట లేదేటండి? ఆ మిట్ట మీదెట్టండి. ఎనకనుంచి ఓ తోపు తోసేస్తే సాలు, మిగతాది భూమే సూసుకుంటాది. కింద మాత్రం గడ్డి కుప్పెయ్యండేం."

"గడ్డి ఎందుకు?"

"సెప్పేదానికి టయం లేదండి. ఏసీయండి," అని పరదేశి గేరు వేశాడు.

మిట్ట మీదికి లారీని కార్యకర్తలు తోశారు. పార్టీని అధికారంలోకి తోసిందే వాళ్ళు. వాళ్ళకి లారీ ఒక లెక్కా! ఆ తరవాత నలుగురు బలమైనవాళ్ళు లారీ వెనక బ్యానరు చాటున నక్కారు. దిగువన రోడ్డు వంపులో గడ్డి కుప్ప వేశారు. స్టేజీ కింద ఉన్నా జెండా ఊపేది పైనేనని మంత్రిగారికి చెప్పి, కార్లు మిట్ట మీదికి మళ్ళించారు.

మంత్రిగారు దిగారు. లారీని చూశారు. డోరు మీద తన మీసాలు చూసుకున్నారు. కళ్ళు చెమర్చాయి.

"ఇంత పాత బండి ఇంత కొత్తగా ఎలా ఉంది హరిబాబూ?"

"మిమ్మల్ని చూసి నేర్చుకుందండి."

"డ్రైవరేడి?"

"ఈ చారిత్రక ఘట్టంలో నేనే నడుపుతానండి."

మంత్రిగారు ఆ భక్తికి కరిగిపోయారు. పచ్చజెండా అందుకుని, నాలుగడుగులు వేసి, ఎవరూ అనుకోని పని చేశారు. "నువ్వు నడుపుతుంటే నేను కింద నిలబడతానా? నేనూ ఎక్కుతాను," అని కేబిన్లోకి ఎక్కేశారు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తన ప్రయాణానికి తానే జెండా ఊపుకున్నారు. స్వయంకృషి అంటే అదే.

బ్యానరు వెనక నలుగురూ ఊపిరి బిగబట్టి తోశారు. లారీ కదిలింది. మెల్లగా, మర్యాదగా మొదలెట్టి, క్రమంగా ఉత్సాహం తెచ్చుకుంది.

"చప్పుడే లేదేమిటయ్యా?" అన్నారు మంత్రిగారు ఆశ్చర్యంగా.

"మెయింటెనెన్స్ అండి."

"కుదుపు కూడా లేదు. నా కారు కంటే బాగుంది. మైలేజ్ ఎంత ఇస్తుంది?"

"ఇప్పటిదాకా చుక్క డీజిల్ తాగలేదండి," అన్నాడు హరిబాబు. తన రాజకీయ జీవితంలో అతను చెప్పిన మొదటి నిజం అదే. అంతలోనే రోడ్డు వంపు దగ్గరకొచ్చింది. హరిబాబు బ్రేకు తొక్కాడు. కాలు నేల దాకా వెళ్ళింది. ఇంజను లేకపోతే బ్రేకుకి గాలి ఉండదని అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

"స్పీడు కొంచెం..." అన్నారు మంత్రిగారు.

"పథకం వేగం అందుకుందండి!" అని అరిచి, హరిబాబు కళ్ళు మూసుకుని స్టీరింగ్ తిప్పాడు.

లారీ గడ్డి కుప్పలోకి సగం దాకా దూరి ఆగింది. పరదేశిని ఆ క్షణంలో హరిబాబు దేవుడిగా భావించాడు. మంత్రిగారు నెత్తి మీద గడ్డితో దిగారు. జనం ఈలలు వేశారు. కెమెరాలు మెరిశాయి. పార్కింగ్ కూడా పథకంలో భాగమేనని అందరూ అనుకున్నారు. రామచంద్రమూర్తి గారు పరుగున వచ్చి, ఇంత మెత్తగా ఆగిన భారీ వాహనాన్ని తన సర్వీసులో చూడలేదని ప్రకటించారు.

అంతా సుఖంగా ముగిసేదే. కానీ ఫోటోగ్రాఫర్లు ఊరుకోరు. "సార్, ఇంజన్లో ఆయిల్ పోస్తున్నట్టు ఒక స్టిల్!" అన్నారు. మంత్రిగారికి స్టిల్ అంటే ప్రాణం. ఆయిల్ డబ్బా చేతికిచ్చారు. హరిబాబు అడ్డుపడేలోపు ఎవరో ఉత్సాహవంతుడు ముందున్న గడ్డి లాగేసి బానెట్ ఎత్తేశాడు.

మంత్రిగారు లోపలికి చూశారు.

ఆయిల్ డబ్బా పక్కవాడికి ఇచ్చేశారు.

హరిబాబు కళ్ళ ముందు విజిటింగ్ కార్డు కనిపించింది. దాని మీది ఖాళీ పెద్దదవుతూ, పేరునీ ఫోన్ నంబరునీ కూడా మింగేస్తోంది.

మంత్రిగారు బానెట్ మెల్లగా దించారు. నిద్రపోయే బిడ్డకి దుప్పటి కప్పినట్టు దించారు. ముప్పై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు. మైకుల వైపు తిరిగేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"సోదరులారా! వాహనం ఎందుకు అరుగుతోంది? ఇంజను వల్ల. ఇంతకాలం ప్రభుత్వాలు అరుగుదలకి మందు వేశాయి. మన ప్రభుత్వం అరుగుదలకి కారణాన్నే తొలగించింది! ఇంజను లేకుండా లారీ నడిచింది. నేను స్వయంగా అందులో ప్రయాణించాను!"

రామచంద్రమూర్తి గారు వెంటనే తల ఆడించారు. "నా రిపోర్టులో ఉన్నది ఇదేనండి. ఇంత క్లుప్తంగా చెప్పలేకపోయాను."

హరిబాబు చప్పట్లు మొదలెట్టాడు. ఈసారి మాట పూర్తయ్యాకే కొట్టాడు, కాస్త ఆలస్యంగా.

గుంపులోంచి ఝాన్సీ చెయ్యెత్తింది. ఆ అమ్మాయి లోకల్ చానల్ రిపోర్టరు. "సార్, పల్లానికి దిగింది, బాగుంది. మళ్ళీ మిట్ట ఎవరెక్కిస్తారు?"

"అది వచ్చే ప్రభుత్వం బాధ్యత," అన్నారు మంత్రిగారు.

సరిగ్గా అప్పుడే ఎదురుగా ఒక లారీ వచ్చింది. రంగు లేదు, డోరుకి తాడుంది, నెత్తిన చెరకుంది. జనాన్ని తప్పుకోమని హారన్ కొట్టి, నల్లగా పొగ వదిలి, గుడగుడలాడుతూ మిట్ట ఎక్కిపోయింది. డ్రైవరు పక్క సీట్లోంచి ఒక పెద్దావిడ మంత్రిగారికి చెయ్యూపింది. ఆయన తిరిగి ఊపారు.

"చూశారా సార్, ఎంత చప్పుడో," అన్నారు రామచంద్రమూర్తి గారు జాలిగా. "పాపం, ఎక్కువకాలం బతకదు."

అచ్చియ్యమ్మ చెరకు మొత్తం కాటాకి చేరింది. ఇంజను తిరిగి ఇవ్వడానికి ఆవిడ నిజాయితీగా ఆఫీసుకి వెళితే, వాళ్ళే వద్దన్నారు. పథకం కింద తీసేసిన ఇంజన్లు ఎక్కడివక్కడే భద్రంగా ఉంచాలని ఆర్డరుందట. "అలగే బాబూ, బద్రంగానే ఉంచుతాను. తుప్పట్టకుండా రోజూ తిప్పుతాను," అని మాటిచ్చింది. ఆ మాట ప్రకారం చీడికాడ వైపు చెరకు తోటలన్నీ తిప్పుతోంది.

హరిబాబుకి డైరెక్టర్ పదవి వచ్చింది. చోడవరం నమూనా రాష్ట్రమంతా అమలు చేసే బాధ్యత అతనిదే. విజిటింగ్ కార్డులో ఖాళీ నిండింది, కొంచెం ఇరుకైంది కూడా. పదవితో పాటు కారొచ్చింది. తెల్లటి కారు, ముందు నేమ్ బోర్డు, నడపడానికి సూర్యతేజ అనే డ్రైవరు. ఆ కారుని వ్యాన్ మీద తెచ్చి, ఇంటి ముందు దించి వెళ్ళారు.

మొదటి రోజు హరిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉదయం పదింటికి వెనక సీట్లో కూర్చున్నాడు. సూర్యతేజ టోపీ సర్దుకుని స్టీరింగ్ మీద చేతులు పెట్టాడు.

"ఎక్కడికి సార్?"

"ఆఫీసుకి."

"అలాగే సార్."

ఇద్దరూ ముందుకు చూస్తూ కూర్చున్నారు. దారినపోయేవాళ్ళు ఆగి నమస్కారాలు పెట్టారు. హరిబాబు అద్దం దించి ప్రతినమస్కారం చేశాడు. జనం కిటికీ దగ్గర వరస కట్టి అర్జీలిచ్చారు. ఇంత అందుబాటులో ఉండే అధికారిని ఎప్పుడూ చూడలేదన్నారు. మధ్యాహ్నం అచ్చియ్యమ్మ చెరకు లారీ ఆపి, దిగి, కిటికీలోంచి కారేజీ అందించింది.

"ఇంట్లోకొచ్చి తినరాదేట్రా? గుమ్మం అదే కదా."

"డ్యూటీలో ఉన్నానమ్మా."

"సరే, కూకో," అని ఆవిడ లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఐదైంది. హరిబాబు వాచీ చూసుకుని, ఒళ్ళు విరుచుకున్నాడు.

"ఇక ఇంటికి పోనీయ్."

సూర్యతేజ వెంటనే దిగి, వెనక డోరు తీసి పట్టుకున్నాడు.

"వచ్చేశాం సార్."

"అప్పుడేనా!" అన్నాడు డైరెక్టరు, ఎంతో సంతృప్తిగా.